ఉప్పునీళ్ల వైద్యం, ఆపరెట్టా వ్యాపారం: బాడ్ ఇష్ల్ కథ

ఆస్ట్రియా వెళ్లే మనవాళ్ల లిస్టులో హాల్‌స్టాట్ తప్పకుండా ఉంటుంది. సరస్సుకీ కొండకీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ ఊరి ఫొటో ఎవరో ఒకరి స్టేటస్‌లో కనిపిస్తూనే ఉంటుంది. వియన్నా నుంచి రైల్లో వెళ్లేవాళ్లు అట్నాంగ్-పుఖైమ్ అనే జంక్షన్‌లో బండి మారతారు. ఆ కొండదారి బండి హాల్‌స్టాట్ చేరడానికి ఇంకో ఇరవై, పాతిక నిమిషాలుందనగా బాడ్ ఇష్ల్ అనే స్టేషన్‌లో ఆగుతుంది. మన బ్యాచ్‌లలో అక్కడ దిగేవాళ్లు అరుదు. పేరు చూసి భయపడక్కర్లేదు, జర్మన్‌లో బాడ్ అంటే స్నానం. వైద్యానికి పనికొచ్చే నీళ్లున్న ఊళ్లకు పేరు ముందు తగిలించే బిరుదు అది. ఇష్ల్‌కి 1906లో దక్కింది.

సుమారు 14 వేల జనాభా ఉన్న ఈ ఊళ్లో ఏటా జులై, ఆగస్టుల్లో లేహార్ ఫెస్టివల్ జరుగుతుంది. ఆపరెట్టాల పండగ. ఆపరెట్టా అంటే ఆపెరాకి (కథంతా పాటల్లోనే నడిచే నాటకం) చెల్లెలనుకోవచ్చు. పూర్తి ఆర్కెస్ట్రా ఉంటుంది, ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతులుంటాయి, కానీ పాటల మధ్యలో మామూలు మాటలు, జోకులు, డ్యాన్సులు, చాలాసార్లు చివర్లో పెళ్లి. దీన్ని క్లాసికల్ అనడానికి కొందరు సంగీత పండితులు మొహమాటపడతారు. వాళ్ల మొహమాటం వాళ్లది గానీ, పై స్థాయిలో గొంతు నిలబెట్టి, వాల్ట్జ్ (జంటగా గిరగిరా తిరిగే డ్యాన్సు) అడుగులేసి, ఆ వెంటనే ఆయాసం కనపడకుండా నవ్వించే డైలాగ్ చెప్పడం తేలిక పనేం కాదు.

వియన్నాలో పెరిగిన కళకు పండగ వియన్నాలో కాకుండా, వేసవంతా వాన పడే ఈ కొండ ఊళ్లో ఎందుకు? సాధారణంగా వినిపించే జవాబు, స్వరకర్త ఫ్రాంజ్ లేహార్ ఇల్లు ఇక్కడుంది కాబట్టి అని. నిజమే, కానీ సగమే. లేహార్ ఇక్కడే ఇల్లెందుకు కొన్నాడని అడిగితే చక్రవర్తి దగ్గరికి పోతాం, చక్రవర్తి ఎందుకొచ్చాడని అడిగితే ఒక డాక్టర్ దగ్గరికి, ఆ డాక్టర్ ఎందుకొచ్చాడని అడిగితే ఉప్పు దగ్గరికి. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈ ప్రాంతం పేరు సాల్జ్‌కామర్‌గుట్. సాల్జ్ అంటే ఉప్పు, ఇక్కడి గనులు రాజుగారి ఖజానా సొత్తు. ఇష్ల్ పక్క కొండలో 1563 నుంచి ఉప్పు తీస్తున్నారు. రాళ్లు కొట్టి మోసుకురావడం కాదు, గనిలోకి నీళ్లు పంపి, ఉప్పు కరిగిన చిక్కటి నీటిని బయటికి తెచ్చి కాచేవాళ్లు. ఆ నీటిలో స్నానం చేయిస్తే గని కూలీల కీళ్ల నొప్పులు, చర్మం బాధలు తగ్గుతున్నాయని అక్కడి గని డాక్టర్ యోసెఫ్ గోట్జ్ గమనించాడు. వియన్నాలో పెద్ద పెద్దవాళ్లకు వైద్యం చేసే ఫ్రాంజ్ వీరర్ చెవిన ఆ మాట పడింది. కూలీల మందు దొరల మందు కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

తేదీలు చూస్తే ముచ్చటేస్తుంది. 1823లో స్నానాలు మొదలయ్యాయి. 1827లో థియేటర్ లేచింది, దాని వెనకా వీరర్ చెయ్యి ఉంది. 1832లో జౌనర్ అనే మిఠాయి కొట్టు తెరుచుకుంది, యోహాన్ జౌనర్‌ను వియన్నా నుంచి రప్పించింది కూడా వీరరే. అంటే తొట్టి స్నానాలు పెట్టించిన డాక్టరుగారే తొమ్మిదేళ్లలో నాటకాలూ స్వీట్లూ సమకూర్చాడన్నమాట. ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. హేజెల్‌నట్ పిండి, నలిపిన పల్చటి వేఫర్లు, నూగా (గింజల ముద్దతో చేసే మెత్తటి మిఠాయి) కలిపి ఇటుకలా పోతపోసి చాక్లెట్‌లో ముంచిన జౌనర్‌స్టోలెన్ వాళ్ల ప్రత్యేకత. చిన్న ముక్కతో ఆగడం కష్టం. కీళ్ల నొప్పులకు వచ్చిన పేషెంటు ఒంటికి అది మంచిదో కాదో వేరే సంగతి.

డాక్టరుకి థియేటరుతో పనేంటి? ఈ స్నానాల చికిత్సను జర్మన్‌లో కూర్ అంటారు (మన కూరకీ దీనికీ చుట్టరికం లేదు, ఇది చాలా చప్పన). పొద్దున్నే ఉప్పునీటి తొట్టిలో కాసేపు నానాలి. తర్వాత దుప్పటి కప్పుకుని పడుకోవాలి. తర్వాత పాల విరుగుడు తేట కప్పులతో తాగాలి, ఇష్ల్‌లో అదీ ఒక మందే. ఆ తర్వాత ట్రావున్ నది ఒడ్డున నడక. మధ్యాహ్నం భోజనం వేళకి డాక్టర్ చెప్పిన పనులన్నీ అయిపోతాయి. మిగతా రోజంతా ఖాళీ. ఇలా ఒకట్రెండు రోజులు కాదు, వారాల తరబడి. పైగా వాన. ఇక్కడి వానకు స్థానికులు పెట్టుకున్న పేరుకి "దారాల వాన" అని అర్థం, పైనుంచి దారాలు వేలాడదీసినట్టు చినుకుకీ చినుకుకీ మధ్య ఎడం లేకుండా పడుతుందని. అలాంటి ఊళ్లో పేషెంటుకి జబ్బు కంటే తోచకపోవడం పెద్ద బాధ, తోచని పేషెంటు పెట్టె సర్దుకుని వెళ్లిపోతే డాక్టరుకి, సత్రాలకి, ఊరికి నష్టం. నాటకం, బ్యాండు, మిఠాయి అన్నీ పేషెంటుని కట్టిపడేసే తాళ్లు. యూరప్‌లో స్నానాల ఊళ్లు చాలావాటిలో సంగీతం ఇలాగే పుట్టింది. కళ మీద ప్రేమ తర్వాత వచ్చింది, ముందు మధ్యాహ్నాలు గడవాలి.

ఇష్ల్‌కి అసలు దశ తిరిగింది రాజకుటుంబం వల్ల. యువరాణి సోఫీకి గర్భాలు నిలవక, వీరర్ సలహా మీద ఇక్కడ ఉప్పునీటి చికిత్స చేయించుకుంది. 1830లో ఫ్రాంజ్ యోసెఫ్ పుట్టాడు, 1832లో మాక్సిమిలియన్, 1833లో కార్ల్ లుడ్విగ్. జనం వాళ్లకు "ఉప్పు యువరాజులు" అని పేరు పెట్టారు. ఉప్పునీళ్లకీ గర్భానికీ నిజంగా సంబంధం ఉందా అన్నది అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, డాక్టరుకి అంతకంటే మంచి ప్రకటన ఇంకోటి దొరకదు. ఆ పెద్దబ్బాయి చక్రవర్తయ్యాక 1853 ఆగస్టులో ఇక్కడే ఎలిజబెత్‌తో నిశ్చితార్థం చేసుకున్నాడు. పెళ్లి కానుకగా తల్లి ఇచ్చిన విల్లాలో దాదాపు ప్రతి వేసవీ గడిపాడు.

చక్రవర్తికి సంగీతం మీద పెద్ద మక్కువ లేదు. తెల్లవారకముందే లేచి ఫైళ్లు చూడటం, వేటకెళ్లడం, నటి కతరీనా ష్రాట్ ఇంట్లో టిఫిన్ చేయడం, పెందలాడే పడుకోవడం, ఇదీ ఆయన వేసవి. విల్లా గోడలనిండా ఇప్పటికీ జింక కొమ్ములే. కానీ ఆయనుంటే మంత్రులుంటారు, మంత్రులుంటే దొరలుంటారు, దొరలున్నచోట బ్యాంకర్లు, పత్రికలవాళ్లు, నటీమణులు ఉంటారు. 1877లో రైలు కూడా వచ్చేసరికి వియన్నాలో సగం ఊరు ఎండాకాలం ఇక్కడే కాపురం పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే పెద్ద కూర్‌హౌస్ (కూర్‌కి వచ్చినవాళ్లు కాలక్షేపానికి చేరే భవనం) కట్టారు. ఇవాళ ఫెస్టివల్ జరిగేది ఆ భవనంలోనే.

సంగీతకారుల్లో ముందు చెప్పాల్సింది స్వరకర్త బ్రామ్స్ గురించి. 1880లో, 1882లో వచ్చాడు, తర్వాత 1889 నుంచి 1896 దాకా ప్రతి వేసవీ ఇక్కడే. 1890లో ఇక పెద్దగా రాయనని దాదాపు నిర్ణయించుకున్న మనిషి, క్లారినెట్ వాయించే రిచర్డ్ మ్యూల్‌ఫెల్డ్‌ను విన్నాక మనసు మార్చుకుని, 1891 వేసవిలో ఇష్ల్‌లో కూర్చుని క్లారినెట్ ట్రయో (ముగ్గురు వాయించేది), క్లారినెట్ క్వింటెట్ (ఐదుగురు వాయించేది) రెండూ రాసేశాడు. 1894లో ఇక్కడే రెండు క్లారినెట్ సొనాటాలు. ఆయన చివరి పియానో ముక్కలు కూడా చాలావరకు ఈ ఊరి వానల్లో పుట్టినవే. 1896 మే నెలలో తన ఆప్తురాలు, పియానిస్టు క్లారా షూమన్ చనిపోయిందన్న కబురు అందిందీ ఇక్కడే. బండ్లు తప్పి, ఒకచోటికి పోబోయి ఇంకోచోటికి పోయి, చివరికి బాన్‌లో సమాధి చేసే వేళకి ఎలాగో చేరుకున్నాడు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే తనూ పోయాడు.

బ్రామ్స్‌కీ, వాల్ట్జ్‌ల రారాజు యోహాన్ స్ట్రౌస్‌కీ ఇక్కడ మంచి దోస్తీ. స్ట్రౌస్ కుటుంబంలో ఒకరు విసనకర్ర మీద సంతకం అడిగితే, స్ట్రౌస్ రాసిన ప్రసిద్ధ డాన్యూబ్ వాల్ట్జ్ స్వరాలు నాలుగు గీసి "దురదృష్టవశాత్తూ ఇది బ్రామ్స్ రాసింది కాదు" అని రాసిచ్చాడన్నది సంగీత ప్రపంచంలో బాగా తెలిసిన ముచ్చట. క్లాసికల్, లైట్ అని గోడలు కట్టే పండితులకంటే బ్రామ్స్‌కి ఈ విషయంలో పట్టింపు తక్కువ. 1890లో చక్రవర్తి చిన్న కూతురి పెళ్లికి ఊరి చర్చిలో ఆర్గన్ వాయించింది స్వరకర్త బ్రూక్నర్. ఇంత చిన్న ఊళ్లో ఇంతమంది ఉద్దండులు!

కానీ ఊరికి పేరు మిగిల్చింది ఆపరెట్టావాళ్లే. వియన్నాలో వేసవికి థియేటర్లు ఖాళీ. రచయితలు, స్వరకర్తలు, థియేటర్ యజమానులు, పాటల పుస్తకాలు అచ్చేసేవాళ్లు, హీరో హీరోయిన్లు, అందరూ ఇష్ల్‌లో ఒకే నదీతీరం మీద తచ్చాడేవాళ్లు. ఆపరెట్టా అనేది ఒక్కడు గదిలో కూర్చుని రాసుకునే సరుకు కాదు. మన సినిమా లాంటిదే: ఒకరు కథ తెస్తారు, ఇద్దరు పాటలు రాస్తారు, ఒకరు ట్యూన్ కడతారు, హీరోకి తగ్గట్టు పాట ఎత్తు మారుస్తారు, ఎవరో పెట్టుబడి పెడతారు. మద్రాసులో ఒకప్పుడు సినిమా సిట్టింగులు జరిగినట్టే ఇక్కడి కాఫీ హోటళ్లలో వచ్చే సీజన్ సిట్టింగులు జరిగేవి. స్వరకర్తలు కాల్మాన్, ఆస్కార్ స్ట్రౌస్, లియో ఫాల్, లేహార్, అందరూ ఈ సంతలో వ్యాపారులే. (ఈ ఆస్కార్ స్ట్రౌస్‌కి వాల్ట్జ్ స్ట్రౌస్ కుటుంబంతో బంధుత్వం లేదు.)

లేహార్‌కి మహర్దశ పట్టించింది మెర్రీ విడో అనే ఆపరెట్టా. 1905 డిసెంబర్ 30న వియన్నాలో మొదటి ఆట. కొన్నేళ్లలోనే దేశదేశాలు తిరిగింది. ఆ పేరూ డబ్బూ చేతికొచ్చాక 1912లో ఇష్ల్‌లో నది ఒడ్డునే విల్లా కొన్నాడు. తన మంచి ట్యూన్లు ఇక్కడే తడతాయని నమ్మేవాడు. ఆ నమ్మకంలో గాలి మహిమ ఎంతో తెలీదు గానీ, వీధి దాటితే రచయిత, ఇంకో వీధి దాటితే నిర్మాత దొరికే ఊళ్లో పని తెమలడంలో వింతేముంది?

1914 జులై 28న చక్రవర్తి తన ఇష్ల్ విల్లాలోనే "నా ప్రజలకు" అన్న ప్రకటన మీద సంతకం పెట్టాడు. సెర్బియా మీద యుద్ధం. రెండ్రోజుల తర్వాత ఊరు విడిచి వెళ్లాడు, మళ్లీ రాలేదు. 1918తో సామ్రాజ్యమే పోయింది. చిత్రమేంటంటే ఆపరెట్టా వ్యాపారం మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు నడిచింది. దాన్ని చంపింది 1938.

ఈ ఊరి పండగ గురించి రాసేటప్పుడు చాలామంది గబగబా దాటేసే చోటు ఇదే. ఆపరెట్టా పరిశ్రమలో రచయితలు, స్వరకర్తలు, నటులు పెద్ద సంఖ్యలో యూదులు. మెర్రీ విడో మాటలు రాసిన విక్టర్ లియోన్, లియో స్టైన్ ఇద్దరూ యూదు కుటుంబాల వాళ్లే. 1929లో బెర్లిన్‌లో మొదలైన లేహార్ ఆపరెట్టా లాండ్ ఆఫ్ స్మైల్స్‌లో టెనర్ (పై స్థాయి మగ గొంతు) రిచర్డ్ టౌబర్ పాడిన పాట యూరప్ మొత్తం మోగింది, ఆ పాట రాసిన ఇద్దరిలో ఒకరు ఫ్రిట్జ్ లోనర్-బేడా. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టగానే లోనర్-బేడాను అరెస్ట్ చేశారు. ముందు డాఖావ్ నాజీ నిర్బంధ శిబిరం, అక్కడి నుంచి బూఖెన్‌వాల్డ్, అక్కడి నుంచి ఆష్‌విట్జ్. బూఖెన్‌వాల్డ్ ఖైదీలు పాడుకున్న పాట కూడా ఆయన రాసిందే, ట్యూన్ కట్టింది తోటి ఖైదీ హెర్మన్ లియోపోల్డి. 1942 డిసెంబర్ 4న ఆష్‌విట్జ్ పక్కనున్న మోనోవిట్జ్ శిబిరంలో చంపేశారు. భార్యనీ ఇద్దరు ఆడపిల్లలనీ అదే ఏడాది మిన్స్క్ పక్కనున్న మాలీ ట్రోస్టినెట్స్ శిబిరంలో చంపారు.

లేహార్ భార్య సోఫీ కూడా యూదు కుటుంబంలో పుట్టిందే. కానీ హిట్లర్‌కి మెర్రీ విడో అంటే మహా ఇష్టం, ఆమెకు మినహాయింపు దొరికింది. తన పాటల రచయిత కోసం లేహార్ ఏమైనా ప్రయత్నించాడా, గట్టిగా అడిగాడా, అసలు అడగలేదా అన్న వాదన ఇవాళ్టికీ తెగలేదు. రచయితల పేర్లు లేకుండా ఆ పాటలు మాత్రం రేడియోల్లో మోగుతూనే ఉన్నాయి. ఇష్ల్‌లో యూదుల విల్లాలు చేతులు మారాయి, అమ్ముకుని కాదు, లాక్కోబడి. కాల్మాన్ అమెరికా వెళ్లిపోయాడు. టౌబర్ 1948 జనవరిలో లండన్‌లో పోయాడు. ఆస్కార్ స్ట్రౌస్ యుద్ధం తర్వాత తిరిగొచ్చి 1954లో ఇష్ల్‌లోనే కన్నుమూశాడు. లేహార్ 1948 అక్టోబర్ 24న తన విల్లాలో పోయాడు. ఇల్లు ఊరికి రాసిచ్చాడు, ఇప్పుడది మ్యూజియం.

ఇదంతా అయ్యాక 1961లో ఫెస్టివల్ మొదలైంది. అప్పటి పేరు ఆపరెట్టా వారాలు, లేహార్ పేరు తర్వాత చేరింది. అంటే కార్ఖానా మూతపడ్డాక షోరూమ్ తెరిచారు. సిట్టింగులు జరిగిన రోజుల్లో ఇష్ల్‌కి పండగ అవసరం లేదు, ఊరే పండగ. రాసేవాళ్లలో కొందరు పోయి, కొందరిని చంపేసి, కొందరు సముద్రాలు దాటాక మిగిలింది పాత పాటలు, వాటికోసం వచ్చే మధ్యతరగతి టూరిస్టులు. 1950లలో, 60లలో ఆస్ట్రియాకి టూరిజం పెద్ద ఆదాయం, ఒక్కో ఊరు ఒక్కో సంగీతాన్ని పంచుకుంది. బ్రెగెంజ్‌లో 1946 నుంచి సరస్సు మీద వేదిక, తూర్పున మోర్బిష్‌లో 1957 నుంచి సరస్సు మీదే ఆపరెట్టా. అవి ఆరుబయట, వేల సీట్లు, బాణసంచా. ఇష్ల్ మాత్రం నాలుగు గోడల మధ్య ఆడుతుంది. దారాల వానలో ఆరుబయట వాల్ట్జ్ కుదరదు మరి.

గోడల మధ్య ఆడటం వల్ల ఒక లాభం ఉంది. సింగర్ గొంతుకీ జనానికీ మధ్య స్పీకర్ల భారం తక్కువ, చిన్న జోకు కూడా చివరి వరసదాకా పేలుతుంది. పాట బాగుంటే మళ్లీ పాడమంటారు. మన పద్య నాటకాల వన్స్‌మోర్ లాంటిదే, ఆపరెట్టాలో అది తప్పు కాదు, మర్యాద. కథ ఆగిపోతుందని ఎవరూ బాధపడరు. చివర్లో కర్టెన్ పడ్డాక హిట్ పాట మళ్లీ అందుకుంటారు, హాలంతా తాళం వేస్తూ చప్పట్లు కొడుతుంది. సీరియస్ ఆపెరా జనానికి ఇది కొంచెం చిన్నతనంగా అనిపిస్తుంది, వాళ్ల కోసం 50 కిలోమీటర్ల అవతల సాల్జ్‌బర్గ్ ఫెస్టివల్ ఎలాగూ ఉంది. అక్కడ ఆపెరాకి మంచి సీటు ధర 400 యూరోలు దాటుతుంది, ఇష్ల్ ధరలు దాని దరిదాపుల్లో కూడా ఉండవు.

ఏటా సాధారణంగా రెండు ఆపరెట్టాలు పూర్తి వేషాలతో, సెట్లతో వేస్తారు, మూడోది పెద్ద సెట్లు లేకుండా కచేరీ పద్ధతిలో. ఆ మూడోదే అసలు పని. లేహార్ రాసినవాటిలో మనుషులు మర్చిపోయినవి చాలా ఉన్నాయి, సెట్లు వేసి ఆడిస్తే డబ్బు వెనక్కి రానివి. వాటిని ఇలా పాడించి రికార్డు చేస్తే సీపీఓ అనే జర్మన్ కంపెనీ సీడీలుగా తెస్తోంది. మెర్రీ విడో తెచ్చే జనం డబ్బుతో, ప్రభుత్వ సాయంతో, ఎవరూ అడగని పాటలు బతుకుతున్నాయన్నమాట. ఈ ఫెస్టివల్‌లో గట్టిగా మెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అదే.

చిక్కులూ ఉన్నాయి. ప్రేక్షకుల్లో నెరిసిన తలలే ఎక్కువ. కథలు పాతవి: అందమైన జిప్సీలు, నలుగురు పెళ్లాలను చేసుకోక తప్పని చైనా రాకుమారుడు, డబ్బున్న వితంతువు చుట్టూ తిరిగే మగాళ్లు. అప్పటి వియన్నా నవ్వుకున్న చోట ఇప్పుడు కొందరు ముఖం చిట్లిస్తారు. అయితే ఆపరెట్టాలో ఒక వెసులుబాటు పుట్టుకతోనే ఉంది, మాటలు మార్చుకోవచ్చు. వాల్ట్జ్ స్ట్రౌస్ రాసిన ఫ్లెడర్‌మౌస్ అనే ఆపరెట్టా మూడో అంకంలో ఫ్రోష్ అనే తాగుబోతు జైలు ఉద్యోగి ఉంటాడు, పాట పాడడు, వచ్చి ఆ ఏటి రాజకీయాల మీద జోకులేసి పోతాడు. స్వరాలు రాసిపెట్టినవి, కబుర్లు తాజావి. దర్శకులు ఈ సందులోంచే దూరి కథను తిరగరాస్తుంటారు. కొందరు మరీ ఎక్కువ దూరుతారు, అప్పుడు పాత ప్రేక్షకులు గొణుగుతారు. 2024లో బాడ్ ఇష్ల్, చుట్టుపక్కల ఊళ్లు కలిపి మొత్తం 23 పంచాయతీలు యూరప్ సాంస్కృతిక రాజధాని అయ్యాయి. ఆ ఏడాది ఈ ప్రాంతం చక్రవర్తి బొమ్మ వెనక దాచిపెట్టిన సంగతుల మీద, నాజీ కాలం మీద కూడా మాట్లాడాలని చూసింది. ఊళ్లో అందరికీ నచ్చలేదు. ఆగస్టు 18న చక్రవర్తి పుట్టినరోజుకి వేషాలు వేసుకుని ఊరేగడం మాత్రం అందరికీ నచ్చుతుంది.

అసలు టెన్షన్ డబ్బూ కాదు, కథలూ కాదు, టైమ్. వీరర్ కాలంలో పేషెంటు వారాల తరబడి ఉండేవాడు కాబట్టి సాయంత్రానికి నాటకం కావాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆస్ట్రియాలో డాక్టర్ రాసిస్తే ఇన్సూరెన్స్ ఖర్చుతో మూడు వారాలు కూర్‌కి పంపిస్తారు, అలా వచ్చినవాళ్లు టికెట్ కొంటారు. కానీ ఈ లోయలోకి ఇప్పుడు పెద్దఎత్తున వచ్చే జనం హాల్‌స్టాట్ జనం, మూడు వారాలు కాదు, మూడు గంటలు. వాళ్లకు మధ్యాహ్నం గడపడం సమస్య కాదు, మధ్యాహ్నం సరిపోకపోవడం సమస్య. ఆపరెట్టా ఏమో విరామంతో కలిపి మూడు గంటలు తింటుంది. అందుకే ఇష్ల్‌లో కొన్ని ఆటలు మధ్యాహ్నమే పెడతారు, బస్సుల్లో వచ్చిన పెద్దవాళ్లు చీకటి పడకముందే ఇళ్లకు చేరాలి కదా. హాల్‌స్టాట్ నుంచి తిరిగొచ్చే బండి కూడా అదే స్టేషన్‌లో ఆగుతుంది. పొద్దున్నే సరస్సు చూసేసి వచ్చినవాళ్లకి ఆ మధ్యాహ్నం ఆట చక్కగా అందుతుంది, స్టేషన్ నుంచి కూర్‌హౌస్‌కి నడిచే వెళ్లొచ్చు. గొడుగు మాత్రం ఉండాలి.